చదివిన పాపకు అర్థం తెలియలేదు, అర్థం తెలిసిన బాబు చదవలేకపోయాడు

అనంతపురం జిల్లాలోని ఒక పల్లె నుంచి ఒక టీచరమ్మ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఎస్జీటీగా, అంటే ప్రాథమిక తరగతుల టీచరుగా 7 ఏళ్ల సర్వీసు. ఇద్దరు టీచర్ల బడి. ఒకటి, రెండు తరగతులు హెడ్మాస్టరు గారు చూసుకుంటారు. మూడు, నాలుగు, ఐదు కలిపి 31 మంది పిల్లలు ఒకే గదిలో ఈమె దగ్గర ఉంటారు. మూడో తరగతిలో 14 మంది. వాళ్లలో నలుగురు ధారాళంగా చదువుతారు, ఐదుగురు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతారు, మిగతా ఐదుగురికి గుణింతాలే సరిగా రావు.

రెండు నెలల కిందట తనిఖీకి వచ్చిన అధికారి ఇద్దరు పిల్లల్ని లేపి చదివించారట. తండా నుంచి వచ్చే ఒక పాప పేరా మొత్తం ఒక్క తప్పు లేకుండా గబగబా చదివేసింది. ఆయన మెచ్చుకున్నారు. తర్వాత లేచిన బాబుకి రెండు వాక్యాలు పూర్తయ్యేసరికి చెమటలు పట్టాయి. మూడో తరగతి పిల్లలు నిమిషానికి 60 పదాలు చదవాలి, రోజూ టైమ్ పెట్టి చదివించండి అని చెప్పి ఆయన వెళ్లిపోయారు. ఈమె అలాగే చేశారు. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఒక్కొక్కరినీ అందరి ముందూ చదివించి, ఎవరు ఎన్ని పదాలు చదివారో గోడ మీద చార్టులో రాశారు. రెండు వారాలకే ఆ బాబుకి పొద్దున్నే కడుపునొప్పి మొదలైంది. ఇప్పుడు 9 రోజులుగా బడికి రావడం లేదు. అమ్మానాన్నలు బెంగళూరులో కూలిపనికి వెళ్లారు, వాడు అవ్వ దగ్గర ఉంటున్నాడు.

"వాళ్ల చేలో చెనక్కాయల కుప్పకి కాపలా ఉన్న కుక్క గురించి వాడొక కథ చెప్పేవాడు మేడమ్. క్లాసంతా కదలకుండా వినేది. పుస్తకం చేతికిస్తే మాత్రం గొంతు పెగలదు. నేనే వాడిని బడికి దూరం చేశానేమో" అని రాశారు. ఆ తండా పాపను ఈమధ్య చదివింది చెప్పమంటే ఒక్క ముక్క చెప్పలేకపోయిందట. పాఠంలోని కొత్త పదాలకు అర్థాలు బోర్డు మీద రాసి, నోటుబుక్కులో ఎక్కించి, బట్టీ పట్టించినా వారం తిరిగేసరికి ఎవరికీ గుర్తుండటం లేదట. హెడ్మాస్టరు గారు "గుణింతాలు వదిలేయబట్టే ఇలా అయింది, రోజూ పదేసిసార్లు రాయించండి" అంటున్నారు. తల్లిదండ్రులు "తెలుగు ఎందుకు మేడమ్, ఇంగ్లీషు నేర్పండి" అంటున్నారు. పిల్లలు ఎనుము అంటే "ఎనుము కాదు, గేదె అనాలి" అని దిద్దుతున్నానని, అది సరైనదో కాదో తెలియడం లేదనీ రాశారు. గుణింతాలకు వెనక్కి వెళ్లాలా, స్టాప్‌వాచ్ కొనసాగించాలా, పుస్తకం పక్కన పెట్టి కథలు చెప్పుకోవాలా అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అన్నిటికంటే ముందు ఒకటి అడుగుతాను. ఆ పాప ఇంట్లో ఏ భాష మాట్లాడుతుంది? తండా అన్నారు కాబట్టి లంబాడీ అయి ఉంటుందని అనుకుంటున్నాను. అదే నిజమైతే మీ ఉత్తరంలోని సగం చిక్కు అక్కడే విడిపోతుంది. ఆమెకు తెలుగు అక్షరాలు బాగా వచ్చు, తెలుగు మాటలు రావు. బాబుకి తెలుగు మాటలు పుష్కలంగా వచ్చు, అక్షరాలు రావు. ఒకరికి ఉన్నది ఇంకొకరికి లేదు. అధికారి గారు వేగం ఒక్కటే చూశారు కాబట్టి ఒకరు పాస్, ఒకరు ఫెయిల్ అయ్యారు. నిజానికి ఇద్దరికీ చదవడం రాదు. ఇద్దరికీ సగం సగం వచ్చు.

గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో దీన్ని ఒక లెక్కలాగా చెప్పారు. అక్షరాన్ని మాటగా మార్చుకునే శక్తిని, విన్న భాష అర్థమయ్యే శక్తిని గుణిస్తే వచ్చేదే చదవడం అన్నారు. కూడిక కాదు, గుణకారం. అంటే రెంటిలో ఒకటి సున్నా అయితే రెండోది ఎంత ఉన్నా ఫలితం సున్నానే. ఆ పాప 60 కాదు, 90 పదాలు చదివినా అంతే.

ఇది నా ఊహ మాత్రమే, మీరే పరీక్షించి చూడండి. దానికి 5 నిమిషాలు చాలు. పిల్లలు చూడని ఒక చిన్న కథను మీరే చదివి వినిపించండి. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ఆ కథ చెప్పమనండి. తమకు వచ్చిన మాటల్లో చెప్పనివ్వండి. విన్నది చెప్పగలిగి, చదివింది చెప్పలేని పిల్లలకు లోపం అక్షరం దగ్గర ఉంది. విన్నది కూడా చెప్పలేని పిల్లలకు మాట దగ్గర ఉంది. 14 మందినీ ఇలా చూడండి. ధారాళంగా చదువుతారని మీరు రాసిన నలుగురిలో కూడా ఒకరిద్దరు ఆ పాపలాంటి వాళ్లు ఉంటే నేను ఆశ్చర్యపోను. నా సర్వీసులో ఒక అమ్మాయిని మూడేళ్లు "బాగా చదువుతుంది" అని అందరి ముందూ నిలబెట్టాను. ఐదో తరగతిలో లెక్కల ప్రశ్న చదివి ఏం చేయాలో తెలియక ఏడ్చినప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ మూడేళ్లూ ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బాగా చదివే పిల్లకు ప్రశ్నలెందుకని నేనూ అడగలేదు.

మీ ఒక్కరి తరగతి పరిస్థితే ఇలా ఉందని బాధపడుతున్నట్టున్నారు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును చూసే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల్లోని మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. మీ దగ్గర 14 మందిలో నలుగురు. మీ తరగతి దేశానికి భిన్నంగా ఏమీ లేదు. కాబట్టి తప్పు ఎవరిదని వెతకడం ఆపి, ఏం చేయవచ్చో చూద్దాం.

ముందు స్టాప్‌వాచ్. చదివే వేగం చూడటంలో తప్పు లేదు. మరీ నెమ్మదిగా చదివితే అర్థం నిలవదన్నది నిజం. తెలుగులో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే మన వాక్యంలో అసలు సంగతి చివర ఉంటుంది. "చెరువు గట్టు మీద మేస్తున్న తెల్లావును చూసి చిన్నోడు పరుగెత్తాడు" అన్న వాక్యంలో ఏం జరిగిందో తెలియాలంటే చివరి మాట దాకా ఆగాలి. అక్షరం అక్షరం కూడబలుక్కునే బిడ్డ ఆ చివరి మాట చేరేసరికి చెరువు గట్టును ఎప్పుడో మరిచిపోతాడు. వేగం కావలసింది ఇందుకే. కానీ గడియారం పెడితే వేగం రాదు. జ్వరం కొలిచే థర్మామీటర్‌తో జ్వరం తగ్గదు కదా.

పైగా 60 పదాలు అన్నప్పుడు అవి ఏ పదాలో చూడాలి. "ఆవు" ఒక పదం. "వెళ్లలేకపోయింది" కూడా ఒక పదమే, అందులో 7 అక్షరాలున్నాయి. రెండింటికీ ఒకే లెక్క వేస్తే పిల్లవాడికి అన్యాయం జరుగుతుంది. 2022 మార్చిలో కేంద్ర విద్యా సంస్థ ఎన్సీఈఆర్టీ మూడో తరగతి పిల్లలతో చేసిన జాతీయ అధ్యయనం 20 భాషల్లో జరిగింది. చదివే స్థాయులను అందులో భాష భాషకూ విడిగా నిర్ణయించారు. ఆ పరీక్షను ఒక్కో బిడ్డతో ఒంటరిగా కూర్చుని చేశారు, తరగతి ముందు నిలబెట్టి కాదు. చిన్న తరగతుల పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు అని ఉన్నమాట నిజమే. దాని పక్కనే "అర్థం చేసుకుంటూ" అని కూడా ఉంది. ఆ సగం మీ దాకా రాలేదు.

ఇక్కడ మీకు రెండు మూడు దారులున్నాయి. స్టాప్‌వాచ్ పూర్తిగా మానేయవచ్చు. పిల్లలకు భయం పోతుంది, కానీ అధికారి మళ్లీ వచ్చినప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. ఇప్పటిలాగే కొనసాగించవచ్చు. చార్టులో అంకెలు పెరుగుతాయి కూడా. కానీ పిల్లలు పేరాను కంఠస్థం చేయడం వల్ల పెరుగుతాయి. బడి మానేసిన బాబు లెక్క ఆ చార్టులో కనపడదు. మూడోది, నెలకు ఒక్కసారి, కొత్త పేరాతో, వరండాలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకుని వినడం. బిడ్డకు కనపడకుండా టైమ్ చూసుకోండి. మీ డైరీలో రెండు గడులు గీయండి, ఒకదాంట్లో సరిగ్గా చదివిన పదాలు, రెండోదాంట్లో చదివింది ఎంతవరకు చెప్పగలిగారు. అధికారికి ఆ రెండో గడి చూపించండి. నేను చూసినంతవరకు చాలామంది అధికారులు మొండివాళ్లు కాదు, వాళ్లకూ పైకి పంపడానికి ఏదో ఒక అంకె కావాలి. మీరు రెండు అంకెలు ఇస్తే కాదనరు. ఒకవేళ కాదన్నా, మీరు చేసిన పని కాగితం మీద ఉంటుంది. మూడు దారుల్లో ఏది పట్టుకున్నా, ఆ గోడ మీది చార్టు మాత్రం రేపే తీసేయండి.

హెడ్మాస్టరు గారి మాట కూడా పూర్తిగా తోసిపుచ్చకండి. అక్షరం గట్టిగా రాని ఐదుగురికి అక్షరమే కావాలి, కథలు మాత్రమే చెబితే సరిపోదు. ఆయన చెప్పిన పద్ధతితోనే నాకు పేచీ. క, కా, కి, కీ అని పాటలా అప్పజెప్పే బిడ్డకు ఒక కార్డు మీద "కొ" ఒక్కటే రాసి చూపించండి. చాలామంది మొదటినుంచి వరసగా పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగుతారు. వాళ్లకు వరస వచ్చు, అక్షరం రాదు. పదిసార్లు రాయిస్తే చేయి తిరుగుతుంది, కళ్లు పక్కవరస మీదే ఉంటాయి. కాబట్టి గుణింతాలు చెప్పించండి, కానీ వరస చెరిపి చెప్పించండి. నాలుగు హల్లులు, నాలుగు గుర్తులు తీసుకుని కార్డులు కలిపేసి, వచ్చినదాన్ని చదివించి, వెంటనే దాంతో ఒక మాట చెప్పించండి. ప–వ, మ–య, ద–డ లాంటి పోలికలున్న జంటల్ని ఒకేసారి ఎత్తుకోకండి. ఒకటి గట్టిపడ్డాక రెండోది.

వత్తుల దగ్గర పిల్లలు ఎందుకు ఆగిపోతారో మనం పెద్దగా పట్టించుకోం. "వస్తే" అన్న మాట రాసి చూడండి. కంటికి ముందు కనపడేది "సే", దాని కింద త వత్తు. కానీ పలికేటప్పుడు ముందు పొల్లు స, తర్వాత త, ఏత్వం చివర. కన్ను చూసిన వరసలో పలికితే "వసేత" అవుతుంది. మీ పిల్లలు అలాగే చదువుతుంటారు, అది మందబుద్ధి కాదు. చూసింది చూసినట్టు చదువుతున్నారు. కింద ఉన్నదాన్ని ముందు కలుపుకుని, పైన ఉన్న గుర్తును చివర పలకాలని ఎవరో ఒకరు వేలు పెట్టి చూపించాలి. వారం రోజులు రోజూ 5 నిమిషాలు చూపిస్తే తెరుచుకునే తలుపు అది.

వత్తులు మొదలుపెట్టడానికి ఇంట్లో వాళ్లను మించినవాళ్లు లేరు. అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య, చెల్లి, అవ్వ. ఏడు మాటల్లో ఏడు వత్తులు వచ్చేశాయి. వీటిలో త, న, మ, య, ల వత్తులు వాటి అక్షరాల రూపానికి దూరంగా ఉంటాయి, పిల్లలు తికమకపడేది వీటి దగ్గరే. మాట నోట్లో ముందే ఉంది కాబట్టి గుర్తు ఒక్కటే కొత్త. రెండూ కొత్తవైతే ఏ బిడ్డకైనా కష్టమే.

ఇక ధారాళంగా చదవడం ఎలా వస్తుంది? ఒకే చిన్న ముక్కను, అర్థం తెలిసిన ముక్కను, మళ్లీ మళ్లీ చదివితే వస్తుంది. మనం ఒక పాఠం ఒకసారి చదివించి తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం, సిలబస్ తరుముతుంది కాబట్టి. పాఠం మొత్తం కాకుండా అందులో 50 పదాల ముక్క ఒకటి తీసుకోండి. సోమవారం మీరు చదవండి, మాట్లాడినట్టు చదవండి. పిల్లలు వేలు కదుపుతూ చూస్తారు. మర్నాడు మీరు ఒక ముక్క చదివితే వాళ్లు మీ వెనకే ఒక ముక్క. తర్వాతి రోజు జోడీలుగా. గురువారం ఎవరికి వారు. శుక్రవారం ఎవరో ఒకరికి వినిపించాలి. ఆ వినేవాళ్లు ఒకటో తరగతి పిల్లలు కావచ్చు, వంటమ్మ కావచ్చు. వినేవాళ్లు ఉంటే అదే ముక్కను ఐదోసారి చదవడానికి కూడా పిల్లలకు విసుగు రాదు.

మన బళ్లలో రాగం తీస్తూ చదివే అలవాటు ఒకటుంది. మాట మాటకూ ఒకే సాగదీత. దాన్ని తిట్టి మాన్పించలేం. వాక్యంలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో గీతలు పెట్టించండి. "మా ఊరి చెరువు దగ్గర / పెద్ద చింతచెట్టు / ఉంది." గీత ఎక్కడ పెట్టాలో పిల్లలనే అడగండి. గీత తప్పు చోట పెట్టిన బిడ్డకు ఆ వాక్యం అర్థం కాలేదని మీకు వెంటనే తెలుస్తుంది. సంభాషణలున్న కథలు ఎక్కువ తీసుకోండి. నక్కలా, అవ్వలా మాట్లాడాల్సి వస్తే రాగం దానంతట అదే పోతుంది.

31 మంది, మూడు తరగతులు, ఇదంతా ఎప్పుడు చేస్తానని మీరు అనుకుంటూ ఉంటారు. రోజూ ఒక గంట తరగతులు కలిపేసి, స్థాయిని బట్టి కూర్చోబెట్టడం ఒక దారి. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ దేశంలో చాలాచోట్ల చేయించింది ఇదే. ఐదో తరగతిలో అక్షరం రాని పిల్లలు కూడా మీకు ఉండే ఉంటారు, వాళ్లకు ఇది చాలా మేలు. కానీ పెద్దపిల్లలు చిన్నపిల్లల పక్కన కూర్చోవడానికి చిన్నబుచ్చుకుంటారు, గుంపులకు "వీక్" అని పేరు పడితే ఆ పేరు పోదు. నెలకోసారి గుంపులు మార్చగలిగితేనే ఇది ఎత్తుకోండి. అలా కుదరకపోతే జోడీలు. వచ్చినవాళ్లను రానివాళ్లతో కలపండి. ఖర్చు లేదు, గోల ఎక్కువ. రానివాడు వచ్చినవాడి వెనక దాక్కునే ప్రమాదం కూడా ఉంది. రోజు మార్చి రోజు పాత్రలు మార్చాలి.

ఇప్పుడు మాటల సంగతి. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది.

బోర్డు మీద "పదం – అర్థం" అని రాసినప్పుడు మనం ఒక తెలియని మాటకు ఇంకో తెలియని మాట జోడిస్తాం. "విచారం – దుఃఖం" అని రాస్తాం. బిడ్డకు రెండూ తెలియవు. పరీక్షకు ఒక రోజు గుర్తుంచుకుని వదిలేస్తాడు. పాఠంలో 12 కొత్త పదాలు ఉంటే 12నీ చెప్పాలన్న టెన్షన్ వదిలేయండి. వారానికి నాలుగైదు చాలు, కానీ ఆ నాలుగైదూ పిల్లల నోట్లో ఆడాలి.

ఏ నాలుగు? పాఠంలోని కొత్త పదాలు రెండు రకాలు. ఒకటి, వస్తువు తెలుసు, పేరు వేరు. పుస్తకంలో "నాగలి" అని ఉంటే మీ పిల్లలకు అది "మడక". "మనం మడక అంటాం కదా, అదే" అంటే పని అయిపోయింది, దానికి ఒక్క నిమిషం కూడా అక్కర్లేదు. రెండోది, ఆలోచనే కొత్తది. "గమనించాడు", "నిర్ణయించుకుంది", "కారణం", "బదులుగా" లాంటివి. ఇవి తెలుగు పాఠంలోనూ వస్తాయి, పరిసరాల విజ్ఞానంలోనూ వస్తాయి, లెక్కల ప్రశ్నలోనూ వస్తాయి. మీ సమయమంతా వీటికి ఇవ్వండి. "గమనించు" అన్న మాట తీసుకుంటే అర్థం రాయకండి. అందరినీ బయటికి తీసుకెళ్లి 2 నిమిషాలు చీమల బారును చూడమనండి. లోపలికి వచ్చాక "నువ్వేం గమనించావు?" అని ఒక్కొక్కరినీ అడగండి. మర్నాడు అన్నం బల్ల దగ్గర అడగండి. వారం తర్వాత ఇంకో పాఠంలో ఆ మాట వచ్చినప్పుడు పిల్లలే అరుస్తారు.

కొన్ని మాటలకు పిల్లల జీవితమే అర్థం. పక్షుల పాఠంలో "వలస" వస్తుంది. మీకు దగ్గరలోనే చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి. ఆ మాటను అక్కడి నుంచి మొదలుపెట్టండి. మీ గదిలో బెంగళూరు వెళ్లిన అమ్మానాన్నల పిల్లలు ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు, ఆ బాబు ఒక్కడే కాడని మాత్రం అనుకుంటున్నాను. ఆ పోలికను మీరు పైకి చెప్పకండి. ఎవరైనా బిడ్డ తనంతట తాను చెబితే వినండి, అంతే.

మాటకు మాట పుట్టడం కూడా చూపించండి. "కాపరి" మీ పిల్లలకు తెలుసు, గొర్రెల కాపరి. పక్కనే "కాపలా" రాయండి, "కాపాడు" రాయండి. మూడింటిలో ఏముందో వాళ్లనే కనుక్కోమనండి. "న్యాయం–అన్యాయం" తెలిసిన బిడ్డ "అసత్యం" చూసి సగం ఊహిస్తాడు. ఇలా ఒక్కటి నేర్పితే నాలుగు వస్తాయి, సిలబస్ కూడా అక్కడ కలిసొస్తుంది.

ఎనుము గురించి అడిగారు. ఎనుము తప్పు మాట కాదు, ఆ "కాదు" ఒక్కటి మానేయండి. "మనం ఎనుము అంటాం, కోస్తాలో గేదె అంటారు, తెలంగాణలో బర్రె అంటారు, ఈ పుస్తకంలో గేదె అని రాశారు" అని చెప్పండి. అప్పుడు బిడ్డకు ఒకటి పోయి ఒకటి రాదు, ఒకటి ఉండగా ఇంకో రెండు వస్తాయి. "కాదు" అన్నారంటే వాడు తన నోట్లో ఉన్నదంతా తప్పే అనుకుని నోరు మూసుకుంటాడు. గోడ మీద వేగం చార్టు తీసిన చోట "మన ఊరి మాట – పుస్తకం మాట" అని ఒక చార్టు పెట్టండి. చెనక్కాయలు–వేరుశనగలు, మడక–నాగలి అంటూ పిల్లలే నింపుతారు. మూడో గడి ఆ పాప కోసం. నీళ్లను మీ ఇంట్లో ఏమంటారు అని అడిగితే "పాణి" అంటుంది. అదీ రాయండి. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే బడులు పెట్టించారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న మనం బళ్లలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆ పాప మాట గోడ ఎక్కితే ఆ పండుగ మీ గదిలో రోజూ జరిగినట్టే. అలాగని పరీక్షలో పుస్తకం మాటే రాయాలన్నది కూడా పిల్లలకు దాచకుండా చెప్పండి.

ఆ పాపను ఇప్పుడు వేగం తగ్గించమని అందరి ముందూ అనకండి. ఆమెకు బడిలో దొరికిన ఒకే ఒక్క మెప్పు అది. రెండు వాక్యాలు చదివాక ఆపి బొమ్మ గీయమనండి, లేదా చేసి చూపించమనండి. తెలియని మాట మీద చుక్క పెట్టమనండి, చుక్క పెట్టిన ప్రతిసారీ మెచ్చుకోండి. తెలియదని చెప్పడం ఆమెకు తప్పు కాదని తెలియాలి.

తల్లిదండ్రుల ఇంగ్లీషు కోరికతో వాదన పెట్టుకోకండి, అది న్యాయమైన కోరిక. ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం వచ్చిన బిడ్డ ఆ అలవాటును రెండో భాషకు తీసుకెళ్తాడు, రాని బిడ్డకు రెండు భాషల్లోనూ బట్టీయే. మీ పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురుగా ఇంగ్లీషు ఉన్న పేజీలుంటే ముందు తెలుగు పేజీ చదివించి, తర్వాత అదే సంగతి ఇంగ్లీషు పేజీలో వెతికించండి. ఆ పేజీ పిల్లలు ఇంట్లో చదివి వినిపించాక "తెలుగు ఎందుకు" అన్న మాట మళ్లీ రాదు.

ఇక ఆ బాబు. వాడిని మీరే దూరం చేశారా అని అడిగారు. స్టాప్‌వాచ్ వాడిని భయపెట్టింది, అది నిజం. మీకు చెప్పిన పని మీరు చేశారు, అదీ నిజం. 9 రోజులకే గమనించి ఉత్తరం రాశారు కాబట్టి ఇంకా ఆలస్యం కాలేదు. హాజరు కోసం కబురు పంపితే వాడి అవ్వ భయపడి ఒక రోజు పంపుతుంది, కడుపునొప్పి మళ్లీ వస్తుంది. వేరే పిల్లల్ని పంపితే వాడికి చిన్నతనం. మీరు వెళ్తే మంచిది. కడుపునొప్పి నిజంగానే ఉందేమో ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎమ్‌కి ఒకసారి చూపించమనండి, కంటిచూపు పరీక్ష కూడా చేయించండి. చూపు సరిగా లేక తడబడే పిల్లల్ని మనం చదువు రానివాళ్లని అనుకున్న సందర్భాలు నేను చూశాను.

వెళ్లేటప్పుడు ఒక పెద్ద కాగితం, లావు స్కెచ్ పెన్ను తీసుకెళ్లండి. బడి మాట ఎత్తకండి. ఆ కుక్క కథ మళ్లీ చెప్పమని అడగండి. వాడు చెప్తుంటే వాడి మాటల్లోనే, ఒక్క మాట కూడా దిద్దకుండా, ఐదారు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాయండి. చెనక్కాయలు అంటే చెనక్కాయలే రాయండి. తర్వాత వాడి వేలు పట్టుకుని, ఒక్కో మాట కింద కదుపుతూ, ఇద్దరూ కలిసి చదవండి. ఆ కాగితంలో వాడికి తెలియని మాట ఒక్కటీ ఉండదు, అక్షరాలు మాత్రమే కొత్త. అర్థం కోసం తడుముకోనక్కర్లేదు కాబట్టి వాడి కళ్లకు అక్షరాలను చూసే తీరిక దొరుకుతుంది. నాలుగోసారికి కొన్ని మాటలు చూడగానే పట్టుకుంటాడు.

కాగితం అక్కడే వదిలేసి రండి. సోమవారం ఆ కథను ఒకటో తరగతి పిల్లలకు వినిపించడానికి రమ్మని పిలవండి. వచ్చాక ఆ పాపను పక్కన కూర్చోబెట్టండి. వాడు చదువుతూ ఎక్కడైనా ఆగితే అక్షరం ఆమె అందిస్తుంది. కుప్ప అంటే ఏమిటో, కాపలా అంటే ఏమిటో ఆమెకు వాడు చెప్తాడు.